పోయిందండీ

మా కాలేజీలో ఎవరూ ఫెయిలయ్యేవారు కారు. సబ్జెక్టులు పోయేవి. జూన్‌లో పేపర్లో నంబర్లు పడ్డ రోజు గేటు దగ్గర నిలబడితే ఇవే మాటలు వినపడేవి. "ఎన్ని పోయాయిరా?" "రెండు." "ఏవేవి?" "ఇంగ్లీషు పోయింది, కెమిస్ట్రీ పోయింది." నేను తప్పానని ఒక్కడూ అనడు. తాను బుద్ధిగా ఇంట్లో కూర్చుని ఉంటే ఇంగ్లీషే ఒళ్ళు బలిసి ఎక్కడికో లేచిపోయినట్టు చెప్పేవారు. "పోయింది పోయింది అంటావు, పోనిచ్చిందెవరయ్యా?" అని నేను గేటు దగ్గరే తగులుకునేవాణ్ణి. నాకు నోటి దురుసు. ఇప్పుడు తగ్గిందంటుంది మా ఆవిడ. పళ్ళూడాక తగ్గడం కూడా ఒక తగ్గడమేనా?

అప్పట్లో నేను తూర్పు గోదావరిలో ఒక చిన్న ఊరి కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. డెబ్బైల చివరి రోజులు. అందరికంటే ఎక్కువగా పోయేది నా సబ్జెక్టే. బీయస్సీ వాళ్ళయినా బీకాం వాళ్ళయినా మిగతావన్నీ ఎలాగో గట్టెక్కి, పార్ట్ వన్ ఇంగ్లీషు దగ్గర చతికిలబడేవారు. పదో తరగతి దాకా అన్నీ తెలుగులో చదువుకుని వచ్చినవాళ్ళు. నేను చెప్పేది అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదని చెప్పడానికి కూడా ఇంగ్లీషు కావాలేమోనని నోరు విప్పేవారు కారు. నేనేమో వాళ్ళు మాట్లాడకపోతే అర్థమైందనుకుని పేజీ తిప్పేసేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలా జరిగిపోయింది.

వాళ్ళలో ఒకతని గురించి చెప్పాలి. పేరు చెప్పను. కాలేజీలో అందరూ లెక్కలబ్బాయి అనేవారు. రామచంద్రపురం వెళ్ళే బస్సెక్కి లాకుల దగ్గర దిగి, కాలవగట్టు మీద రెండు మైళ్ళు నడిస్తే వాళ్ళ ఊరు. తండ్రి లేడు. తల్లీ కొడుకూ కొంత పొలం కౌలుకి చేసుకునేవారు. బీయస్సీ మూడేళ్ళూ పూర్తిచేశాడు. లెక్కల్లో అతన్ని మించినవాడు ఆ కాలేజీలో లేడు. పరీక్షల ముందు అతను చెట్టు కింద కూర్చుంటే చుట్టూ పాతికమంది చేరేవారు. అతను చెప్పిన లెక్కలతో వాళ్ళంతా పాసయ్యి వెళ్ళిపోయారు. అతనికి మాత్రం ఇంగ్లీషు మూడుసార్లు పోయింది. అది లేకపోతే డిగ్రీ లేదు.

వాళ్ళ ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు త్వరలో రిటైరవబోతున్నారు. హెడ్మాస్టారికి ఇతనంటే గురి. అప్పుడే పిలిచి పిల్లలకి పాఠాలు చెప్పిస్తున్నారు. డిగ్రీ చేతికొస్తే ట్రైనింగులో చేరొచ్చు, ట్రైనింగయితే ఆ కుర్చీ అతనిదే. కానీ ఆ సంవత్సరమే సిలబస్ మారుతోందని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. పాత సిలబస్ వాళ్ళకి ఇక మార్చి, దాని వెనక సెప్టెంబరు, అంతే. ఆ రెండూ దాటితే ఇంగ్లీషంతా కొత్త పుస్తకాలతో మొదటి నుంచీ రాయాలి. అప్పటిదాకా స్కూలు వాళ్ళు కుర్చీ ఖాళీగా పెట్టుకుని కూర్చోరు కదా.

ఆ కాగితం వచ్చిన వారంలోనే తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ చంకలో ఒక పెద్ద గుమ్మడికాయ. నేను వద్దు వద్దంటుండగానే స్టాఫ్‌రూములో నా బల్ల మీద, దిద్దాల్సిన కాగితాల మీద దాన్ని దించేసింది.

"ఇంగ్లీషు ఒక్కటేనండి మాస్టారూ. మిగతావన్నీ మావాడి దగ్గరున్నాయండి. ఆ ఒక్కటీ మీరు ఇప్పించేయండి" అంది.

పక్క బల్లల వాళ్ళు నవ్వాపుకుంటున్నారు. "అది నా దగ్గర లేదమ్మా, నేనిచ్చేది కాదు. యూనివర్సిటీ వాళ్ళు ఇవ్వాలి" అన్నాను.

"మీ దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గరుంటుందండి? ఇంగ్లీషు మాస్టారు మీరే కదండీ?" అంది ఆవిడ. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. రోజూ పొద్దున్నే ఆరింటికి మా ఇంటికి పంపమన్నాను.

పొద్దున్నే మా వీధరుగు మీద పాఠం. అతను చన్నీళ్ళ స్నానం చేసి, తల దువ్వుకుని, మొదటి బస్సుకి వచ్చేసేవాడు. మా ఆవిడ కాఫీ ఇస్తే "ఆయ్, ఎందుకండీ" అంటూనే తాగేవాడు. మొదటి రోజు పుస్తకం తెరవగానే తెలిసింది, అతనికి వచ్చినదంతా బట్టీ. బజారు గైడులో ఉన్న జవాబులు కామాలతో సహా అప్పజెప్పేవాడు. మధ్యలో ఒక్క మాట తప్పితే మాత్రం అక్కడే ఆగిపోయేవాడు. మళ్ళీ మొదటికెళ్ళి ఎత్తుకోవాల్సిందే. పరీక్షలో జరిగేదీ అదే. సగం పేజీ రాసి, మాట మర్చిపోయి, మిగతా గంటా దాని కోసం వెతుక్కుంటూ కూర్చునేవాడు.

"గైడు మూసెయ్. సొంతంగా రాయి. నాలుగు మాటల వాక్యం చాలు. మీ అమ్మ పొద్దున్నే లేచి ఏం చేస్తుందో రాయి" అన్నాను. రాశాడు. అమ్మ లేస్తుంది, వాకిలి ఊడుస్తుంది, పాలు పితుకుతుంది. వాక్యాల్లో తప్పులు లేవు గాని, ప్రతి చోటా అమ్మకి 'షీ' బదులు 'ఇట్' అని రాశాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, మీ అమ్మేమైనా గేదా? కుర్చీనా? అమ్మని పట్టుకుని 'ఇట్' అంటావా?"

అతను కంగారుపడ్డాడు. కొట్టేసి దిద్దాడు. ఆ పైన మెల్లిగా, "తెలుగులో రెంటికీ ఒకటే కదండీ. అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది. రాసేటప్పుడు తేడా తెలీదండి" అన్నాడు.

"ఇంగ్లీషులో తెలియాలి. మనిషేదో వస్తువేదో చూసి రాయి" అని గదమాయించాను. ఆ తప్పు మాత్రం పోలేదు. నెల రోజులు తిట్టినా, పదింట ఒకచోట అమ్మ 'ఇట్' అయిపోయేది. నా తల ప్రాణం తోకకి వచ్చేది.

ఒక రోజు పుస్తకంలో ఉన్న ఒక పద్యానికి సారాంశం రాయమన్నాను. ఒంటరిగా బతికే ముసలి పడవవాడి మీద పద్యం. అతను రాసింది చూసి ముందు పగలబడి నవ్వాను. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి ఏంటని అడిగింది. 'గివెన్' అని మొదలుపెట్టాడు. గివెన్: పడవవాడు ముసలివాడు. అతనికి ఎవరూ లేరు. 'టు ప్రూవ్': అతనికి విచారం లేదు. ఆ కింద వరసగా మెట్లు. అతనికి నది ఉంది. నది రోజూ మాట్లాడుతుంది. కాబట్టి అతను ఒంటరివాడు కాదు. చివర 'హెన్స్ ప్రూవ్‌డ్'. సిద్ధాంతం రుజువు చేసినట్టు పద్యాన్ని రుజువు చేశాడు. నవ్వడం అయ్యాక రెండోసారి చదివాను. నేను ఇన్నేళ్ళుగా క్లాసులో చెప్పిన దానికంటే అందులోనే పద్యం ఎక్కువ ఉంది. వాక్యాలన్నీ సొంతవి, ఒక్క తప్పు లేదు.

"ఇలా పరీక్షలో రాయకూడదు. దిద్దేవాళ్ళకి మతిపోతుంది" అన్నాను. ఎంత పిచ్చివాణ్ణి! అప్పుడే 'ఇలాగే రాయి' అని ఉండాల్సింది. రాయొద్దనేసరికి అతను మళ్ళీ గైడులోకి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. వస్తే కునికిపాట్లు. "పరీక్ష నెల్లో ఉందయ్యా, రాత్రిళ్ళు ఏం వెలగబెడుతున్నావు?" అని విసుక్కున్నాను.

"కాకినాడ ఆసుపత్రికెళ్ళొచ్చానండి."

"నీకేం వచ్చింది?"

"నాక్కాదండి" అన్నాడు.

ఎవరికని నేను అడగలేదు. క్రియాపదాల పట్టిక ముందు పెట్టి అప్పజెప్పమన్నాను. మనిషి కాఫీ తాగుతూ నా ఎదురుగానే కూర్చున్నాడు. అడగడానికి ఎంతసేపు పడుతుంది? అడగలేదు.

మార్చి పరీక్ష రాశాడు. జూన్‌లో పేపర్లో నంబర్లు పడ్డాయి. పొద్దున్నే బస్టాండుకెళ్ళి పేపరు కొని అక్కడే నిలబడి చూశాను. అతని నంబరు లేదు. ఇంత కష్టం బూడిదలో పోసినట్టయిందని నాకు కోపం, దుఃఖం రెండూ కలిసి వచ్చాయి. కాలేజీకెళ్ళి అదే చిరాకుతో కూర్చున్నాను.

పదకొండింటికి వచ్చాడు. స్టాఫ్‌రూము గడప అవతలే ఆగిపోయాడు. మాసిన బట్టలు, వారం రోజుల గెడ్డం, కాళ్ళకి చెప్పులు లేవు.

"లోపలికి రావయ్యా" అన్నాను.

"వద్దండి. ఇక్కడుంటానండి" అన్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. తల వంచుకుని, "మాస్టారూ, పోయిందండీ" అన్నాడు.

"తెలుసు. పొద్దున్నే చూశాను. పోతే పోయిందిలే. దానికి గెడ్డం పెంచుకుని తిరగాలా? ఇదేమైనా మొదటిసారి పోవడమా? సెప్టెంబరు ఉందిగా, మళ్ళీ కట్టు. అప్పుడూ రాకపోతే ఏడుద్దువుగాని."

అతను తలెత్తి నా వంక చూశాడు. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. చివరికి "ఆయ్" అన్నాడు. "అలాగేనండి" అని వెనక్కి తిరిగి వరండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను పక్క బల్లాయనతో, కుర్రాడు మరీ డీలా పడిపోయాడండీ, ధైర్యం చెప్పి పంపానన్నాను. టీ తెప్పించుకుని తాగాను కూడా.

అయిదు రోజులైనా మనిషి పాఠానికి రాలేదు. ఇంకా అలకేనా అని నేను అంటుంటే, మా ఎటెండరు విన్నాడు. అతనిది ఆ పక్క ఊరే.

"ఇప్పుడెలా వస్తాడండీ? మైల కదండీ" అన్నాడు.

"మైలేంటి?"

"తల్లి పోయింది కదండీ. రిజల్ట్సుకి ముందు రోజు. మీకు చెప్పడానికే వచ్చాడు కదండీ ఆ రోజు? కర్మ సామాన్లకి మావాళ్ళతో బజారుకొచ్చి, మాస్టారు అమ్మకి తెలిసినాయన, ఒక మాట చెప్పొస్తానని వెళ్ళాడండి."

గడప ఎందుకు దాటలేదో అప్పుడు తెలిసింది. అది ఆసుపత్రిలో పెరిగిన గెడ్డమని తెలిసింది. నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పోతే పోయిందిలే. ఇదేమైనా మొదటిసారి పోవడమా? తల్లి పోయిన కొడుకుతో అన్న మాటలవి. అమ్మని 'ఇట్' అన్నందుకు అతన్ని నెలల తరబడి తిట్టాను. మనిషేదో వస్తువేదో చూసి రాయమన్నాను. ఆవిడ పోయిందని అతను వచ్చి చెబితే, పోయింది ఇంగ్లీషనుకున్నాను. ఇంతకంటే పెద్ద తప్పు అతను ఏ పరీక్షలోనూ రాయలేదు. ఛీ, ఏం బతుకు అనిపించింది.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వెళ్ళి రండి. క్షమించమనండి" అంది. నేను వెళ్ళలేదు. వెళ్ళి ఏమనాలి? నువ్వు చెప్పింది నాకు అర్థం కాలేదు నాయనా అనాలా? తెలుగులోనే కదా చెప్పాడు. రోజూ రేపు వెళ్దామనుకుంటూ వాయిదా వేశాను. పిరికితనం, ఇంకేం కాదు.

అతనే వచ్చాడు. కర్మకాండ అయిన మర్నాడు ఆరింటికి, గుండుతో, పుస్తకాల సంచీతో. మా ఆవిడ కాఫీ ఇచ్చి లోపలికెళ్ళిపోయింది. నేను, "ఆ రోజు నేను..." అన్నాను.

"పాఠం మొదలెట్టండి మాస్టారూ. టైం లేదండి" అన్నాడు పుస్తకం తెరుస్తూ. అంతే. ఆ మాట మళ్ళీ మా మధ్యకి రాలేదు. రానిచ్చి ఉంటే బాగుండేది. క్షమాపణ చెప్పుకునే దారి కూడా మూసేశాడని నాకు కోపం వచ్చిందంటే నమ్ముతారా? అతను మాత్రం నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు.

అప్పట్నుంచి నేను తిట్టడం మానేశాను. తప్పు రాస్తే మెల్లిగా దిద్దేవాణ్ణి. వారం చూసి అతనే, "తిట్టడం మానేశారేంటండీ? తిడితేనే గుర్తుంటుందండి" అన్నాడు. తిట్టబోయాను గాని నోరు రాలేదు. ఒకటి మాత్రం చేశాను. గైడు లాక్కుని అటక మీద పడేసి, "నీ పద్ధతిలోనే రాయి. గివెన్, టు ప్రూవ్. దిద్దేవాడికి మతిపోతే పోనీ" అన్నాను. అతని మొహం వెలిగింది. ఆ మూడు నెలలూ పద్యాలన్నీ రుజువు చేస్తూ పోయాడు. అమ్మ అన్న మాట వచ్చిన చోటల్లా ఒక్క క్షణం ఆగి 'షీ' అని రాసేవాడు. ఇక ఒక్కసారి కూడా తప్పలేదు.

నాకు మాత్రం భయంగానే ఉంది. ప్రతి వేసవిలోనూ నేను వాల్తేరు యూనివర్సిటీకి వెళ్ళి పేపర్లు దిద్దినవాణ్ణే. కట్టలు కట్టలు ముందు పడేస్తారు. ముప్ఫయ్యో పేపరుకొచ్చేసరికి కళ్ళు గైడులో ఉన్న వాక్యాల కోసం వెతుకుతాయి. అవి కనపడితే మార్కులు, కనపడకపోతే గీత. సొంతంగా రాసిన పేపర్లని నేనెన్నింటిని అలా గీకి పారేశానో. ఇతని పేపరు ఎవరి ముందు పడుతుందో, ఎన్నో పేపరుగా పడుతుందో నా చేతిలో లేదు. అయినా ఆ దారి చూపించింది నేనే.

సెప్టెంబరు పరీక్ష రాసి నేరుగా మా ఇంటికొచ్చాడు. "ఒక్క మాట కూడా బట్టీది రాయలేదండి. అన్నీ నావేనండి" అన్నాడు. అతను అంత సంతోషంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. గుమ్మడికాయ ఇచ్చినావిడ ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. పైకి అనలేదు.

చలికాలంలో రిజల్ట్సు లిస్టు కాలేజీకి వచ్చింది. గుమాస్తా బోర్డుకి అంటిస్తుంటే వెనక నిలబడి చదివాను. అతని ముందు నంబరు ఉంది. వెనక నంబరు ఉంది. మధ్యలో అతనిది లేదు. వేలు పెట్టి మూడుసార్లు చూశాను. ఎన్ని మార్కులొచ్చాయో లిస్టులో ఉండదు. ప్రిన్సిపాలు గారి దగ్గరికి పరిగెత్తాను. మళ్ళీ దిద్దించమని రాయండి, ఆ పేపరుకి నేను పూచీ అన్నాను. ఆయన మంచివాడే. "రాస్తాను మాస్టారూ. కానీ మీకూ తెలుసు కదండీ, కట్ట విప్పరు" అన్నారు. నాకూ తెలుసు.

ఈసారి రేపు అనుకోలేదు. అప్పుడే బస్సెక్కాను. లాకుల దగ్గర దిగి గట్టు మీద నడుస్తూ ఏం చెప్పాలో వెతుక్కున్నాను. తప్పాడని చెప్పలేను, అతనేం తప్పాడు? రాలేదని చెప్పనా? ఇంగ్లీషులో చెప్పనా? రెండు భాషలు చదువుకున్నవాణ్ణి, రెండు మైళ్ళ దారిలో ఒక్క మాట దొరకలేదు. నోటికి వచ్చేది ఆ ఒక్క మాటే. అది నేను అనలేను.

స్కూల్లోనే ఉన్నాడు. పెంకుటింటి వరండాలోంచి చూస్తే లోపల బోర్డు మీద త్రిభుజం గీసి, పిల్లల చేత కోణాలు చెప్పిస్తున్నాడు. నన్ను చూడగానే సుద్దముక్క పట్టుకునే గబగబా వచ్చాడు.

"రండి మాస్టారూ, లోపలికి రండి."

"వద్దయ్యా. ఇక్కడుంటాను" అన్నాను. గడప అవతలే ఆగిపోయాను.

అతను నా మొహం చూశాడు. చేతిలో సుద్దముక్కని కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"పోయిందాండి?"

నేను తల వంచుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని తెలుసు. తెరవకపోయినా వచ్చింది. యాభై మంది పిల్లలు చూస్తుండగా పెద్దమనిషిని, గుమ్మం పట్టుకుని ఏడ్చాను.

అతను గడప దాటి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోతే పోయిందిలెండి మాస్టారూ" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. అతని గొంతులో అలాంటిదేమీ లేదు. నేనా రోజు అన్నట్టే, ఎదుటి మనిషికి ధైర్యం చెప్పడానికే అన్నాడు. మళ్ళీ కడతానని మాత్రం అనలేదు. పాత సిలబస్‌లో కట్టడానికి ఇంకేం లేదని ఇద్దరికీ తెలుసు. నేను అతనికి నేర్పిన వాటిలో ఒక్క తప్పు లేకుండా వచ్చింది ఆ వాక్యం ఒక్కటే.